ట్రైలర్ జాక్ కిట్ కొంటున్నారా? ముందు నాకు జరిగింది చదవండి

డల్లాస్ చుట్టుపక్కల పాత ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కుకి తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) కొన్నవాళ్ళూ కొనబోతున్నవాళ్ళూ మనలో చాలామందే ఉన్నారు, అందుకే రాస్తున్నా. బేరింగులకు మనమే గ్రీజు పెట్టుకుందామని ఆన్‌లైన్‌లో "6 టన్నులు, అన్ని ట్రైలర్లకూ సరిపోతుంది" అని అమ్మే జాక్ కిట్ కొనబోతుంటే ఆగండి. నేను 140 డాలర్లు పోసి కొన్నా. ఇప్పుడు నా ట్రైలర్ వెనక ఇరుసు వంగి ఉంది.

మాది 22 అడుగుల ట్రైలర్, రెండు ఇరుసులు, ఒక్కోటి 3,500 పౌండ్లు మోసేది. వీటికి ఏడాదికోసారి గానీ 12,000 మైళ్ళకోసారి గానీ బేరింగులు విప్పి చూసి కొత్త గ్రీజు పెట్టమంటారు. ఊళ్ళో ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టడం లాంటిదే, కాకపోతే ఇది హైవే మీద అరవై మైళ్ళ స్పీడులో తిరుగుతుంది. పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్, లేక్ టెక్సోమా వెళ్దామని ప్లాను, షాపులో అడిగితే రెండు వారాల దాకా ఖాళీ లేదన్నారు. యూట్యూబ్ ఉందిగా, మనమే చేసేద్దాం అనుకున్నా.

కిట్‌లో ఒక బాటిల్ జాక్ (సీసా ఆకారంలో ఉండే చిన్న జాక్), లేపాక బరువు మోయడానికి రెండు స్టాండ్లు, ఒక మడత కాగితం. ఆ కాగితంలో బొమ్మ ఏంటంటే, జాక్‌ని సరిగ్గా ఇరుసు నడిమధ్యన పెట్టి లేపడం, రెండు చివర్లా ఇరుసు కిందే స్టాండ్లు. పికప్ ట్రక్కులకు వెనక ఇరుసు కింద జాక్ పెట్టడం చూసినవాణ్ణే కాబట్టి నాకేం అనుమానం రాలేదు. అక్కడే బోల్తా పడ్డా.

ట్రైలర్ ఇరుసు లోపల బోలుగా ఉండే గొట్టం. బరువు పడ్డాక చక్రాలు నిటారుగా నిలబడాలని మధ్యలో కాస్త పైకి వంచే తయారుచేస్తారు. దాని నడుమ జాక్ పెట్టి పైకి నెడితే ఆ వంపు కాస్తా చెడిపోతుంది, కంటికి తేడా తెలీదు, టైర్లు ఒక పక్కే అరగడం మొదలయ్యాక తెలుస్తుంది. ఇరుసు, స్ప్రింగులు ఉండే సస్పెన్షన్‌లో ఏ భాగం కిందా జాక్ పెట్టొద్దు, ఫ్రేమ్ (ట్రైలర్ అడుగున ఉండే ఉక్కు చట్రం) కిందే పెట్టండి అని ఇరుసు మాన్యువల్‌లో ఉంది. నేను చదివింది తర్వాత.

ఆ రోజు చక్రం ఊడదీసి, డ్రమ్ము మీది మూత తీస్తున్నా. జాక్ తల రెండు అంగుళాలు కూడా లేదు, పైన గుండ్రటి గొట్టం. టక్ మని చిన్న చప్పుడు. మా బావమరిది "బావా, చెయ్యి తియ్!" అని కేకేశాడు. గొట్టం జాక్ మీంచి జారి ట్రైలర్ దబ్బున స్టాండ్ల మీద కూర్చుంది, అందులో ఒక స్టాండు ఒక పన్ను (ఎత్తు నిలిపే గాటు) జారి కింది పంటి మీద ఆగింది. ఆగింది కాబట్టి ఇప్పుడు రెండు చేతులతో టైపు చేస్తున్నా. మా ఆవిడ లోపల్నుంచి ఏమైందని అరుస్తున్నా ఇద్దరికీ నోరు పెగల్లేదు.

అమ్మినవాళ్ళకు ఫొటోలు పంపితే "మీరు తప్పుగా వాడారు, రీఫండ్ కుదరదు" అని జవాబు. అలా వాడమని బొమ్మ గీసిచ్చింది ఎవరు మరి? ఇరుసుల షాపులో కొలిచి, మార్చాల్సిందే, 780 డాలర్లవుతుందన్నారు.

ఆ షాపు పెద్దాయన అన్న ఒక్క మాటతో నాకు అసలు సంగతి అర్థమైంది. ఫ్రేమ్ పట్టుకుని లేపితే ముందు స్ప్రింగులు కిందికి సాగుతాయి, ఆ తర్వాతే చక్రం నేల వదుల్తుంది, కాబట్టి జాకూ స్టాండూ రెండూ బాగా పొడుగుండాలి. ఈ కిట్‌లోవి ఫ్రేమ్ దాకా అందనే అందవు! అందుకే బొమ్మలో ఇరుసు చూపించారని నా లెక్క. కొనేముందు టేపు తీసుకుని నేల నుంచి ఫ్రేమ్ దాకా కొలవండి, టన్నుల అంకె తర్వాత. స్టాండ్‌కి పళ్ళతో పాటు అడ్డంగా దూర్చే పిన్ను కూడా ఉన్నదే తీసుకోండి, 2020లో అమెరికాలో పళ్ళు సరిగ్గా పట్టక లక్షల స్టాండ్లను వెనక్కి పిలిపించారు. పాతవి ఎవరైనా చవగ్గా ఇస్తే మోడల్ నంబరు కొట్టి రీకాల్ ఉందేమో చూడండి.

ఇప్పుడు నేను చేసేది ఇది. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే ఉంచి పార్కింగ్ బ్రేకు వేస్తా, రెండో పక్క చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెడతా. మూలల్లో ఉండే స్టెబిలైజర్లు పైకి మడిచేస్తా, అవి ట్రైలర్ ఊగకుండా ఉండటానికే గానీ లేపడానికి కాదు, వాటితో లేపబోయి వంచుకున్నవాళ్ళూ ఉన్నారు. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేస్తా. ఎండకు తారు మెత్తబడుతుంది కాబట్టి జాక్ కింద మందపాటి చెక్క. ఫ్రేమ్ కింద స్టాండ్ పెట్టి, బరువు దాని మీదికి దించి, చేత్తో గట్టిగా ఊపి చూశాకే చక్రం ఊడదీస్తా, స్టాండు జారినా ఫ్రేమ్ దాని మీద ఆగేలా తీసిన చక్రాన్ని ఫ్రేమ్ కిందికే తోసేస్తా.

గ్రీజు గురించి ఎక్కువ చెప్పను. ఇరుసు చివర నిపుల్ (గ్రీజు గన్ను తగిలించే చిన్న మొన) ఉన్న రకమైతే చక్రం తిప్పుతూ మెల్లగా గ్రీజు కొట్టండి, గబగబా కొడితే వెనక సీలు దాటి బ్రేకుల మీద పడుతుంది. చక్రం బిగించాక నట్లు 10, 25, 50 మైళ్ళకు మళ్ళీ టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచే రెంచి) చూసుకోండి.

డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశా, ఇంకా తేలలేదు. నిన్న రాత్రి ఆ లిస్టింగ్ మళ్ళీ చూశా. అదే బొమ్మ, ధర మాత్రం పది డాలర్లు తగ్గించారు.