వచ్చిపోయిన కరోనా, వేసుకున్న టీకా: రేపటి కొత్త కరోనాకు ఏది మేలు?

పోయిన ఆదివారం తార్నాకలో పిన్ని వాళ్లింట్లో మళ్లీ అదే ప్రశ్న. "ఇంటిల్లిపాదికీ వచ్చి తగ్గింది కదరా, ఇక టీకాతో పనేముంది?" అంది, ఫోన్‌లో దాచుకున్న కోవాక్సిన్ సర్టిఫికెట్ చూపిస్తూ. కాలేజీ పిల్లలూ ఇదే అడుగుతున్నారు.

జలుబు తెచ్చే పాత కరోనాలు నాలుగున్నాయి. కోవిడ్ సోకనివాళ్లలో కూడా కొందరికి, బహుశా ఆ జలుబుల వల్లే, దాన్ని గుర్తుపట్టే టీ కణాలు (వైరస్ సోకిన కణాల్ని గుర్తించి చంపే రక్షణ కణాలు) ఉన్నట్టు 2020లోనే తేలింది. అయినా వాటి మీద నాకంత ఆశ లేదు. ఆ జలుబే ఏడాది తిరిగేసరికి మళ్లీ పట్టుకుంటుంది మరి.

నా దృష్టిలో అసలు సంగతి, ఒంటికి వైరస్‌లో ఏ భాగం గుర్తుండిపోయింది అన్నదే. యాంటీబాడీలు ప్రధానంగా అడ్డుకునేది వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌ని. వైరస్ ఎక్కువగా మార్చుకునేదీ దాన్నే. 2021 చివర్లో ఒమిక్రాన్ స్పైక్‌లో 30కి పైగా మార్పులతో వచ్చి, సోకినవాళ్లకూ టీకా వేసుకున్నవాళ్లకూ మళ్లీ సోకింది. లోపలి ఎన్ ప్రోటీన్ అంతగా మారదు. 2003లో సార్స్ (మరో కరోనా వైరస్ తెచ్చిన జబ్బు) నుంచి బయటపడ్డవాళ్లలో 17 ఏళ్ల తర్వాత కూడా దాన్ని గుర్తుపట్టే టీ కణాలున్నాయి, అవి కోవిడ్ వైరస్‌నీ పోల్చుకున్నాయి. ఇవి సోకకుండా ఆపలేవు, జబ్బు ముదరకుండా చూస్తాయి.

కోవిషీల్డ్ ఒంటికి చూపించేది స్పైక్ ఒక్కటే. మన జీనోమ్ వ్యాలీ కోవాక్సిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది, ఎన్ ప్రోటీన్‌తో సహా. కోర్బెవ్యాక్స్‌లో స్పైక్‌లోని ఓ ముక్కే.

మొత్తం వైరస్‌ని చూపించడమే గొప్పయితే, సోకడమే మేలా? 2021 మే నెలలో ఓ రాత్రి బాబాయి వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 86 చూపిస్తుంటే, సిలిండర్ కోసం తెల్లారేదాకా ఫోన్లు చేశాం. ఆ ధర పెట్టి ఏ రోగనిరోధక శక్తినీ కొనుక్కోమని ఎవరికీ చెప్పలేను.

అందుకే నా ఓటు టీకాకి. ఆ తర్వాత ఎలాగూ సోకితే రెండు జ్ఞాపకాలూ కలిసి బలపడతాయి. సింగపూర్‌లో సార్స్ నుంచి కోలుకున్న కొద్దిమందికి కోవిడ్ టీకా వేస్తే, గబ్బిలాల్లోని దగ్గరి చుట్టపు వైరస్‌లని కూడా అడ్డుకునే యాంటీబాడీలు వచ్చాయి. వేర్వేరు కరోనాల పరిచయం పనికొస్తుందనడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు కనబడలేదు.

ఒక చిక్కుంది. ఒంటికి మొదటి పరిచయమే బలంగా నాటుకుంటుంది. కొత్త రకం ఎదురైనా పాత యాంటీబాడీలనే ముందు తీస్తుంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పాత వూహాన్ రకాన్ని టీకాల్లోంచి తప్పించమన్నది కొంత ఇందుకే. బాబాయికి షుగర్ ఉంది. పాత టీకానే మళ్లీ వేయించే బదులు, కొత్త రకానికి మార్చిన డోసు దొరుకుతుందేమో ముందు డాక్టర్‌ని అడగమని పిన్నికి చెప్పి వచ్చాను.