ప్లే నొక్కగానే నిడివి చూడండి: నేను కొన్న సినిమాలో ఒక మనిషే లేడు

ఆన్‌లైన్‌లో సినిమాలు కొని దాచుకునేవాళ్లకు, అందులోనూ ఐదారుగురి జీవితాలు పక్కపక్కనే నడిచే సినిమాలంటే ఇష్టపడేవాళ్లకు ఈ పోస్టు. మీరు డబ్బు కట్టింది పూర్తి సినిమాకి కాకపోవచ్చు. అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పరు.

నేను కొన్నది ఒక మహానగరంలో ఎవరికి వారుగా బతికే ఆరుగురి కథ. సినిమా పేరు, అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాస్తే ఆ సినిమా గొప్పదా, చెత్తదా అన్న గొడవ మొదలవుతుంది. ఆ గొడవ ఇప్పటికే కావలసినంత జరిగింది. ఒంటరితనాన్ని ఇంత నిజంగా ఎవరూ చూపించలేదని సగం మంది అంటే, తలా తోకా లేదు, మధ్యలోనే ఆపేశామని మిగతా సగం. ‘ఏదో ఫర్వాలేదు’ అన్నవాడు ఒక్కడూ కనిపించడు. అలా చీలిపోయిన సినిమా అంటే నాకు ఆసక్తి. అందుకే అద్దెకి కాకుండా ఏకంగా కొన్నాను.

చూడ్డం అయ్యాక మళ్లీ ఆ అభిప్రాయాలన్నీ చదివితే ఒక విషయం తగిలింది. మెచ్చుకున్నవాళ్లలో చాలామంది ఒకే పాత్ర గురించి రాశారు: భూగర్భ పార్కింగులో రాత్రిపూట కాపలా కాసే పెద్దాయన. అతని ఫోన్ సీను గురించి, పాడైపోయిన రేడియో గురించి పేరాలకు పేరాలు. తిట్టినవాళ్లేమో, ‘చివర్లో అంతసేపు ముఖం చూపించారే, ఆ ముసలాయన ఎవరు?’ అని అడుగుతున్నారు. నాదీ అదే ప్రశ్న. నేను చూసిన దాంట్లో అతను ఒకసారి గేటు ఎత్తుతాడు, మళ్లీ ఆఖరి షాట్‌లో ఏడుస్తూ కనిపిస్తాడు. ఫోనూ లేదు, రేడియో లేదు.

ఎండ్ టైటిల్స్ ఆపి చదివితే ఆ నటుడి పేరు మూడో స్థానంలో ఉంది. కింద ‘కాపలాదారు కూతురు’, ‘రేడియో మెకానిక్’ అని పాత్రలున్నాయి. వాళ్లెవరూ సినిమాలో లేరు. అప్పుడు నిడివి చూశాను. అమ్మకం పేజీలో రాసినదానికీ ప్లేయర్ చూపించేదానికీ దాదాపు అరగంట తేడా!

అరగంట అంటే ఏదో నాలుగు సీన్లు పల్చబరిచి ఉంటారులే అనుకుంటాం. అలా జరగలేదు. ఒకే కథ నడిచే సినిమాలో ముఖ్యమైన సీను పీకేస్తే తర్వాతి సీను అర్థం కాదు. ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు. ఆరు కథల సినిమాలో ఒక మనిషిని పూర్తిగా లేపేసినా మిగతా కథలు వాటి మానాన అవి నడిచిపోతాయి. మరి ఎవరిని లేపేస్తారు? డెంటిస్టును తీసేస్తే ఆమె దగ్గరికి వచ్చే సంగీతం మాస్టారి కథ కుంటుపడుతుంది. మాస్టారిని తీసేస్తే ఆయన పాత శిష్యురాలి కథకు అర్థం లేదు. కాపలాదారుకి మిగతా ఐదుగురిలో ఎవరితోనూ మాట కూడా ఉండదు. కాబట్టి కత్తెర ముందు అతని మీదే పడింది. ఒంటరివాళ్ల సినిమాలో అందరికంటే ఒంటరివాడే అందరికంటే సులువుగా పోతాడన్నమాట. ఆఖరి షాట్ మాత్రం తీయలేకపోయారు, మిగతా ఐదుగురూ వరసగా ఆ పార్కింగులోంచే బయటికి వెళ్తారు కాబట్టి.

(నిజం చెప్పాలంటే కోయాల్సిన కథ ఒకటుంది. డేటింగ్ యాప్ కుర్రాడిది. అది మాత్రం పొల్లుపోకుండా ఉంచారు. ఆ కుర్రాడు పేరున్న నటుడు మరి.)

ఇలాంటివి ఎప్పట్నుంచో జరుగుతున్నవే. సెర్జియో లియోనే తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’ 1984లో 229 నిమిషాల సినిమా. అమెరికా థియేటర్లలో వేసింది 139 నిమిషాలు. పైగా వెనక్కీ ముందుకీ తిరిగే కథను కాలక్రమంలో పేర్చేశారు. పొట్టిదాన్ని చీల్చి చెండాడి, పూర్తిదాన్ని నెత్తిన పెట్టుకున్న విమర్శకులున్నారు. న్యూయార్క్‌లో జరిగే కెన్నెత్ లోనర్గన్ ‘మార్గరెట్’ 2011లో 150 నిమిషాలతో విడుదలైంది. తర్వాత డిస్క్‌లో వచ్చిన పెద్ద వెర్షన్ 186 నిమిషాలు. ఇంకా చిక్కు కేసు నెడ్ బెన్సన్ ‘ది డిసప్పియరెన్స్ ఆఫ్ ఎలియనోర్ రిగ్బీ’. భర్త వైపు నుంచి ఒకటి, భార్య వైపు నుంచి ఒకటి, రెండు సినిమాలుగా 2013లో టొరంటో ఉత్సవంలో చూపించి, 2014లో రెండింటినీ కలిపి మూడోది చేశారు. అయితే అక్కడ ఏ వెర్షన్ ఏదో బహిరంగంగా చెప్పారు, కావలసింది ఎంచుకోవచ్చు. నాకు అమ్మినదాని మీద అలాంటి ముక్క ఒక్కటీ లేదు.

మరీ పొడుగని తగ్గించాం అంటారేమో. ఈ రకం సినిమాలకు మూడు గంటలు మామూలే. లాస్ ఏంజిలెస్ జనాల కథలైన ‘షార్ట్ కట్స్’, ‘మాగ్నోలియా’ రెండూ మూడు గంటలు దాటినవే. మొదటిది 1993లో వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్‌ను మరో సినిమాతో పంచుకుంది, రెండోది 2000లో బెర్లిన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. అవి నచ్చనివాళ్లూ బోలెడు మంది. నచ్చకపోవడంతో నాకు పేచీ లేదు. కానీ ఒకే సినిమా చూసి కొట్లాడుకోవాలి కదా. ఇక్కడ రెండు వేర్వేరు సినిమాలు చూసి ఒకరినొకరు ‘నీకు అర్థం కాలేదు’ అనుకుంటున్నారు. పూర్తిది చూసి కూడా బోర్ కొట్టిందన్నవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టను.

రేటింగులు చూసి ఇది కనిపెట్టడం కష్టం. సినిమాల వివరాలు, ప్రేక్షకుల మార్కులు ఉండే వెబ్‌సైటు ఐఎండీబీలో ఒక సినిమాకి ఎన్ని వెర్షన్లున్నా సాధారణంగా పేజీ ఒకటే, మార్కులన్నీ అందులోకే పోతాయి. విమర్శకుల రివ్యూలు పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైటులోని శాతం, మెచ్చుకున్న రివ్యూలు నూటికి ఎన్నో చెబుతుంది, ఎంత మెచ్చుకున్నారో చెప్పదు. వంద మంది ‘ఫర్వాలేదు’ అన్నా వంద శాతమే. సగటు అంకెను వదిలేసి మార్కుల పంపకం చూడండి. పదులూ ఒకట్లూ రెండు వైపులా గుట్టలు పడి మధ్యలో ఖాళీగా ఉంటే, కొనేముందు ఐఎండీబీలోనే ‘ఆల్టర్నేట్ వెర్షన్స్’ అనే విభాగం తెరిచి చదవండి. ప్రతి సినిమాకీ ఉండదు గానీ, ఉంటే ఏ దేశంలో ఏం కోశారో కొంత తెలుస్తుంది.

నిడివి తేడా కనిపించినంత మాత్రాన కంగారు పడొద్దు. సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. యూరప్ టీవీ పద్ధతిలో తయారైన పాత డీవీడీల్లో దాన్ని 25కి పరుగెత్తిస్తారు. అందువల్ల సుమారు 4 శాతం తగ్గుతుంది, 120 నిమిషాలది 115 అవుతుంది. అందులో ఒక్క సీను కూడా పోదు. అంతకు మించి తగ్గితే మాత్రం అనుమానించాల్సిందే. నా కాపీలో తేడా దానికి చాలా రెట్లు.

ఇక కస్టమర్ కేర్ సంగతి. ‘హక్కుదారులు ఇచ్చిన ఫైలే పెట్టాం’ అన్నది మొదటి జవాబు. ‘మీరు పూర్తిగా చూసేశారు కాబట్టి రిఫండ్ రాదు’ అన్నది రెండోది. పూర్తిగా చూడలేదు, మీ దగ్గర పూర్తిది లేదు కదా అన్నాను. జవాబు లేదు. చాలా చోట్ల చూడటం మొదలుపెడితే రిఫండ్ కట్. అందుకే డబ్బు కట్టేముందే అమ్మకం పేజీలోని నిడివిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ప్లే నొక్కిన మొదటి నిమిషంలోనే ప్లేయర్ కింద కుడి చివర అంకె చూడండి. రెండూ కలవకపోతే అక్కడే ఆపి ఫిర్యాదు పెట్టండి. వీలైతే ముందు అద్దెకే తీసుకోండి, పోయేది తక్కువ.

స్క్రీన్‌షాట్ పంపాక ఆ పేజీలో నిడివి సరిచేశారు, ఇప్పుడు పొట్టి అంకె కనిపిస్తోంది. ధర తగ్గించలేదు. ‘కుదించిన వెర్షన్’ అన్న మాట ఇప్పటికీ పెట్టలేదు. మీరు ఇలాంటిది ఏదైనా కొని ఉంటే, ఎండ్ టైటిల్స్‌లోని పాత్రల పేర్లు ఒకసారి సరిచూసుకోండి.