హైస్కూలు పిల్లలకు ముందు ఏది: కెమెరానా, మైకా?

బడిలో మీడియా క్లబ్బు పెడదామనగానే అందరి నోటా వచ్చే మాట షార్ట్ ఫిల్మ్. పిల్లలూ అదే అడుగుతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకైతే ముందు ఆడియో నేర్పాలని నేను గట్టిగా చెప్తాను. వీడియోని తక్కువ చేయడానికి కాదు.

వీడియోకున్న బలం ఏమిటో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో తెలుస్తుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఊరి సంఘాల్లోని దళిత మహిళా రైతులు, అందులో చదువు రానివాళ్లు కూడా, కెమెరా పట్టుకుని సినిమాలు తీశారు. కెమెరా పైన ఉండి మనిషిని కిందికి చూస్తే దాన్ని పటేల్ షాట్ అన్నారు, పటేల్ అంటే ఊరి దొర. కళ్లకు సమానంగా ఉండి చూస్తే సంఘం షాట్. ఎవరు ఎవరిని ఎక్కడ నిలబడి చూస్తున్నారో ఒకసారి అర్థమైతే, తెర మీద వచ్చేదాన్ని గుడ్డిగా నమ్మడం తగ్గుతుంది. రోజంతా రీల్స్ చూసే పిల్లలకు ఆ చూపు తప్పకుండా రావాలి.

అయితే పదమూడేళ్ల పిల్లలు షార్ట్ ఫిల్మ్ మొదలుపెడితే ఏమవుతుంది? ఫోన్ ఉన్నవాడు డైరెక్టర్, చలాకీగా ఉన్నవాడు హీరో, మిగతావాళ్లు వెనక గుంపులో. ఆడపిల్ల కనిపిస్తే చాలా ఇళ్లలో ఒప్పుకోరు. మొహం మీద మొటిమలు, ఒంటి రంగు, చిరిగిన చెప్పులు ఇవన్నీ ఆ వయసులో టెన్షనే. ఆ వీడియో వాట్సాప్‌లో ఒకసారి బయటికి పోయిందా, ఎవరేమన్నా ఆపలేం.

ఆడియోలో మొహంతో పని లేదు. మాటే పని. అదే సొసైటీ 2008 అక్టోబరు 15న మాచునూరులో 90.4 ఎఫ్‌ఎం మీద సంఘం రేడియో మొదలుపెట్టింది. నడిపింది ఆ ఊళ్ల ఆడవాళ్లే, మాట్లాడింది ఆ ఊళ్ల మాటే. పిల్లలకు మైకివ్వడం మనకు కొత్తేమీ కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి ఆకాశవాణిలో ఎంతోమంది పిల్లల చేత ఆ పని చేయించారు.

పిల్లల్లో ధైర్యం ఎక్కడ పెరుగుతుందో చెప్తాను. ఒక అమ్మాయి పక్కింటి అమ్మమ్మని అడుగుతుంది: "తుపాను వచ్చినప్పుడు భయమేసిందా?" "ఆ, ఏసింది" అని ఊరుకుంటుంది అమ్మమ్మ. రికార్డింగ్ విన్నాక అమ్మాయికే అర్థమవుతుంది, తప్పు ప్రశ్నలో ఉందని. మళ్లీ వెళ్లి "ఆ రాత్రి ముందు ఏం సర్దుకున్నారు?" అని అడుగుతుంది. ఇప్పుడు బియ్యం డబ్బా, మేక, పక్కూరి బడి అన్నీ బయటికొస్తాయి. పని చెడింది, తనే కారణం కనిపెట్టింది, మళ్లీ చేసింది, బాగా వచ్చింది. కష్టమొస్తే కుంగిపోకుండా లేచే అలవాటు నెలలో నాలుగైదుసార్లు ఇలా జరిగితే వస్తుంది, స్టేజి మీద ఉపన్యాసంతో రాదు. వీడియోలో రీషూట్ అంటే మళ్లీ అందరినీ పోగుచేయాలి. అందుకే సగం టీములు "సర్లే, చాలు" అంటాయి.

ఖర్చు సంగతీ అంతే. మామూలు నాణ్యత (128 కేబీపీఎస్) ఎంపీ3 ఆడియో ఫైలు నిమిషానికి సుమారు ఒక ఎంబీ. పాత ఫోన్ సరిపోతుంది, ఫ్యాన్ ఆపితే చాలు. రికార్డింగ్‌ని కత్తిరించి అతికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్ ల్యాబులో ఉచితంగా వేసుకోవచ్చు. రేడియో లైసెన్స్ కూడా అక్కర్లేదు, ప్రార్థన మైకులో వారానికి ఒక ఐదు నిమిషాలు వినిపిస్తే బడంతా వింటుంది.

ఫొటో మధ్యరకం. మాట రాని బిడియస్తులకు మంచి మొదలు, కానీ కలిసి పని చేయడం అందులో తక్కువ.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లనో, తండ్రి పోయిన పిల్లాడినో "నీ కథ చెప్పు" అని మైకు ముందు కూర్చోబెట్టకండి. వాళ్లని ప్రశ్నలడిగే వైపు కూర్చోబెట్టండి. తామే చెప్పుకుంటే వినండి, రికార్డింగ్ ఆపేయండి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. క్లబ్బు టీచర్ డాక్టర్ పని నెత్తినేసుకోకూడదు.

నేను చెప్పిన ఈ వరస వినికిడి లేని పిల్లలున్న చోట పనికిరాదు. అక్కడ మొదటి రోజు నుంచే కెమెరా ఇవ్వాలి, సైగల భాషలోనే ఇంటర్వ్యూ తీయించాలి. ఊరి మురుగుకాలువ పొంగుతోందని ఎంపీడీవోకి చూపించాలన్నా రెండు నిమిషాల వీడియోని మించింది లేదు. మిగతా బడుల్లో దసరా సెలవుల దాకా ఆడియో నడిపి, తర్వాత కెమెరా చేతికివ్వండి. అప్పటికి ఎవరు బాగా అడుగుతారో, ఎవరు ఓపిగ్గా కత్తిరిస్తారో పిల్లలకే తెలిసి ఉంటుంది కాబట్టి, ఫోన్ ఎవరిదన్నది డైరెక్టర్ని తేల్చదు.