కమాన్ కట్టలా, కాయిల్ స్ప్రింగులా? ఏ బండి మెత్తగా పోతుంది?

పోయినేడు పెళ్లికి మా బావ బండిలో ఎనిమిది మందిమి ఇరుక్కుని వెళ్లాం. దారంతా హాయిగా నిద్ర పట్టింది. అందర్నీ దింపేశాక వెనక సీట్లో నేనొక్కణ్ణే తిరిగొస్తుంటే, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా తల పైకప్పుకి కొట్టుకున్నంత పనైంది. అదే రోడ్డు, అదే డ్రైవరు. తేడా బరువు ఒక్కటే.

వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు, ఉన్న బండి తీరే అంత. నిండా జనం ఎక్కినా, బస్తాలు వేసినా ఒంగిపోకూడదని ఆ కట్టను గట్టిగా చేస్తారు. ఖాళీ బండిలో దాన్ని వంచేంత బరువుండదు కాబట్టి గుంత దెబ్బ నేరుగా నడుముకి తెలుస్తుంది. పైగా పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకోవాలి. వాటి మధ్య తుప్పు, మట్టి చేరితే చిన్న చిన్న గతుకులకు కట్ట అసలు కదలదు. చుట్టలు చుట్టిన ఉక్కు కడ్డీయే కాయిల్ స్ప్రింగు, అందులో ఆ రాపిడి లేదు, చిన్న కంకర రాయికి కూడా కదులుతుంది.

మారుతి జీపులు జిప్సీ, జిమ్నీలను చూడండి. జిప్సీకి ముందూ వెనకా కమాన్లే. మన దగ్గర 2023లో వచ్చిన జిమ్నీకి ముందూ వెనకా కాయిల్సే. జిప్సీ నడుములు విరగ్గొడుతుందని పేరు పడింది, జిమ్నీ గురించి ఎవరూ అలా అనరు. కానీ రెండింటిలోనూ కుడి ఎడమ చక్రాలు ఒకే ఇరుసుకి ఉంటాయి. ఒక చక్రం గుంతలో దిగితే బండి మొత్తం ఒరుగుతుంది, తల అటూ ఇటూ ఊగుతుంది. ఇది కాయిల్‌తో పోయే జబ్బు కాదు. దీనికి మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వెనక ఉన్నట్టు ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే ఏర్పాటు కావాలి. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

అలాగని కమాన్లను తీసిపారేయలేం. బరువు మోయడంతో పాటు ఇరుసును దాని చోట పట్టి ఉంచేదీ ఆ కట్టే. కాయిల్ పెడితే ఆ పనికి వేరే లింకులు (ఇరుసుని బండికి కలిపే కడ్డీలు), బుష్‌లు (వాటి చివర రబ్బరు తొడుగులు) కావాలి, అవి అరిగితే టకటకమని చప్పుడు. పట్టీ విరిగిందా, లారీలు ఆగే ఏ ఊళ్లోనైనా మార్చేస్తారు. పొలం పనులకు వాడేవాళ్లు వెనక కమాన్లున్న బొలెరోను వదలకపోవడానికి ఇదీ ఒక కారణమే.

అసలు చాలామంది స్ప్రింగుని తిడతారు గానీ తప్పు షాక్ అబ్జార్బర్‌ది. స్ప్రింగు దెబ్బని మింగుతుంది, వెంటనే తిరిగి కక్కుతుంది. ఆ ఊపుని షాక్‌లోని ఆయిలు సన్నని రంధ్రాల గుండా దూరుతూ వేడిగా మార్చేస్తుంది. ఆయిలు కారిపోతే ఎంత ఖరీదైన బండైనా పడవలా ఊగుతుంది. సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికెళ్తే ఒక మూల రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. పైకొచ్చి కుదురుకుంటే సరే. రెండు మూడు సార్లు ఊగిందంటే షాక్ పోయినట్టే, బేరంలో ఆ డబ్బులు తగ్గించమనండి.

నన్నడిగితే, వారానికి నాలుగు రోజులు బస్తాలెక్కే బండికి కమాన్లే. పిల్లల్ని బడికి దింపి, పండక్కి ఊరెళ్లే ఇంటికి కాయిల్స్. బావ మాత్రం వెనక రెండు సిమెంటు బస్తాలు పడేసుకుని తిరుగుతున్నాడు. బండి మెత్తబడిందట, మైలేజీ సంగతి అడిగితే మాట మారుస్తున్నాడు.