నాలుగు బళ్లు నడిపి చూసి, ఒకటి కొని, మూడేళ్లు తిరిగాక

హోండా హైనెస్ సీబీ350 మా ఇంటికి వచ్చి మూడేళ్లు దాటింది. విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ నుంచి గాజువాకకు రోజూ ఉద్యోగానికి వెళ్లి రావడం, ఆదివారాలు నా భార్యతో కలిసి భీమిలి దాకా తిరిగి రావడం, చలికాలంలో అరకు ఘాట్ ఎక్కడం, అన్నీ ఈ బండి మీదే జరిగాయి. ఇన్నాళ్ల వాడకం తర్వాత దీని గురించి నిలకడగా చెప్పగలిగిన మాటలు కొన్ని ఉన్నాయి. వాటితో పాటు, దీన్ని ఎంచుకునే ముందు నేను నడిపి చూసిన మిగతా మూడు బళ్ల గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ఈ బండి నాకు ఇచ్చిన సుఖమూ, పెట్టిన ఇబ్బందీ చాలావరకు ఆ టెస్ట్ రైడ్లలోనే ముందుగా తెలిసిపోయాయి. అవి తెలిసింది బండిని నెమ్మదిగా నడిపినప్పుడే.

2022 చివర్లో నేను చూడదలచుకున్నవి నాలుగు: రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, అదే కంపెనీ హంటర్ 350, టీవీఎస్ రోనిన్, హోండా సీబీ350. రోనిన్ ఆ ఏడాది జులైలో, హంటర్ ఆగస్టులో మార్కెట్లోకి వచ్చాయి. రెండింటి ఎక్స్ షోరూం ధరలూ అప్పట్లో 1.49 లక్షల దగ్గర మొదలయ్యేవి. తక్కిన రెండూ రెండు లక్షలకు అటూ ఇటూ ఉండేవి. కాగితం మీద చూస్తే నాలుగింటి శక్తీ ఇంచుమించు ఒకటే, సుమారు 20 హార్స్ పవర్. అందుకే చాలామంది ధర, రంగు, సైలెన్సర్ చప్పుడు చూసి తేల్చేసుకుంటారు. కానీ ఆ శక్తి ఇంజను ఎంత వేగంగా తిరిగినప్పుడు అందుతుందో గమనిస్తే, నాలుగూ వేరువేరు స్వభావాల బళ్లని అర్థమవుతుంది. సీబీ350లో చక్రాన్ని లాగే బలం, అంటే టార్క్, 30 న్యూటన్ మీటర్లు. అది నిమిషానికి 3000 చుట్ల దగ్గరే పూర్తిగా అందుతుంది. క్లాసిక్, హంటర్ రెండింటిలోనూ ఉన్నది ఒకే 349 సీసీ ఇంజను. వాటికి 27 న్యూటన్ మీటర్లు 4000 చుట్ల దగ్గర వస్తాయి. 225.9 సీసీ రోనిన్‌కు 3750 చుట్ల దగ్గర 19.93 న్యూటన్ మీటర్లు వస్తాయి గానీ, దాని పూర్తి శక్తి కావాలంటే ఇంజనును 7750 చుట్ల దాకా తిప్పాలి. బరువులు చూస్తే క్లాసిక్ 195 కిలోలు, హంటర్, సీబీ350 చెరి 181, రోనిన్ దాదాపు 160.

ఈ అంకెల అర్థం సాయంత్రం ఆరు గంటలకు ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక బోధపడుతుంది. అక్కడి నుంచి కంచరపాలెం, తాటిచెట్లపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం దాకా బస్సులు, ఆటోలు, లారీల మధ్య బండి గంటకు పది పదిహేను కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. ఆ వేగంలో సీబీ350ని రెండో గేరులో ఉంచి క్లచ్ పూర్తిగా వదిలేసినా కుదుపు లేకుండా నడుస్తుంది. ఎడమ చేయి నొప్పి పుట్టకుండా ఇల్లు చేరుకోవడం అన్నది రోజూ తిరిగేవాడికి చిన్న విషయం కాదు. క్లాసిక్ కూడా ఈ పనిలో తక్కువదేమీ కాదు. రోనిన్‌లో మొదటి గేర్లలో యాక్సిలరేటర్ తిప్పకపోయినా బండి తనంతట తాను మెల్లగా ముందుకు సాగే ఏర్పాటు ఉంది. అది నాకు చాలా నచ్చింది. అయితే వెనక మనిషి ఉన్నప్పుడు ఎత్తు మీద దానికి ఒక గేరు తగ్గించక తప్పదు.

షోరూంలో ఇచ్చే రౌండు వల్ల ఇవేవీ తెలియవు. నగరంలో ఒక చోట నాకు ఇచ్చిన బండి టైర్లలో గాలి సగమే ఉంది. పెట్రోలు ముల్లు అడుగున ఉంది. సేల్స్ కుర్రవాడు తిన్నటి రోడ్డు మీద ఒక్కసారి పోయి రమ్మని, "ఆ రౌండు చాలు సార్, అన్నీ ఒకేలా ఉంటాయి" అన్నాడు. గాలి సరిగా లేని బండి మలుపులో బరువుగా వాలుతుంది, గోతిలో మెత్తగా దిగుతుంది. దాన్నిబట్టి ఏ నిర్ణయానికి వచ్చినా అది ఆ బండికి అన్యాయమే. అందుకే ముందు పెట్రోలు బంకులో గాలి కొట్టించుకుని, ఆ తర్వాతే నడపడానికి ఒప్పుకున్నాను. వీలైన చోటల్లా సిరిపురం నుంచి పాండురంగాపురం వైపు దిగి, మళ్లీ అదే ఎత్తు ఎక్కి వచ్చేలా అడిగి ఒప్పించాను. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజను బండిని ఎంతవరకు ఆపుతుందో, ఎక్కేటప్పుడు మధ్యలో ఆపి తిరిగి కదిలిస్తే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఆ ఒక్క రోడ్డే చెబుతుంది. ఉదయం ఖాళీ రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది కాబట్టి సాయంత్రం రద్దీ వేళ వెళ్లడం మేలు.

ఇంకొక పరీక్ష ఇంజను ఆపి చేయవలసింది. మా అపార్టుమెంటు సెల్లార్లో నాకు వచ్చిన చోటు ఒక స్తంభానికీ, పక్కింటివారి కారుకీ మధ్య ఉంటుంది. బండిని అక్కడి నుంచి వెనక్కి లాగి, తిప్పి, ర్యాంపు వైపు పెట్టుకోవాలి. రోజూ పొద్దున్నే చేసే పని ఇదే కాబట్టి ప్రతి షోరూం ముందూ బండిని న్యూట్రల్లో పెట్టి, దిగి నిలబడి, వాలు మీద వెనక్కి లాగి చూశాను. క్లాసిక్‌ను లాగినప్పుడు చేతుల కంటే ముందు నడుముకు తెలిసింది. రోనిన్‌ను ఒంటి చేత్తో సైకిల్లా తిప్పుకోవచ్చు. సీబీ350, హంటర్ కాగితం మీద ఒకే బరువైనా, పొట్టి బండి కావడం వల్ల హంటర్ ఇరుకులో సులువుగా తిరిగింది. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. హంటర్ సీటు 790 మిల్లీమీటర్లు, రోనిన్ 795, సీబీ350 800, క్లాసిక్ 805. అంకెల్లో తేడా స్వల్పమే గానీ, సీటు వెడల్పును బట్టి కాలు నేలకు ఆనడం మారిపోతుంది. మడమ ఆనుతుందా, మునివేళ్లే ఆనుతున్నాయా అన్నది ఇసుక ఉన్న చోట, వాలు ఉన్న చోట ఆగినప్పుడు ముఖ్యమవుతుంది.

చివరికి నిర్ణయం చేసింది నా భార్యే. వెనక కూర్చునే మనిషిని తీసుకెళ్లకుండా బండి కొనేవారు ఇంకా చాలామంది ఉన్నారు; కుటుంబానికని కొనే బండి విషయంలో ఇది నాకు ఎంతమాత్రం నచ్చని పద్ధతి. వెనకవారికి పట్టుకునే పిడి, కాళ్లకు ఆనిక, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం చెబుతోంది. చట్టం ఉండమన్నవి ఉంటాయి. అవి మన మనిషికి అందుబాటుగా ఉన్నాయా లేదా అన్నది కూర్చుంటేనే తెలుస్తుంది. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చున్నప్పుడు ఎలా ఉంటుంది, చుడీదార్లో రెండు వైపులా కాళ్లు వేసి కూర్చున్నప్పుడు ఎలా ఉంటుంది అని ఆవిడ రెండు రకాలుగానూ చూసింది. హంటర్ మీద ఒక స్పీడు బ్రేకర్ దాటగానే, "ఏవండీ, ఇది మీ ఒక్కరికే బాగుంటుందండీ" అంది. వెనక స్ప్రింగుల బిగువు ముందు కూర్చున్న నాకు అంతగా తెలియలేదు. సీబీ350 సీటు పొడవుగా, చదునుగా ఉండడంతో ఆవిడకు కూర్చునే తీరు మార్చుకునే వీలు దొరికింది. క్లాసిక్‌లో ముందు సీటు నాకు బాగా నచ్చింది గానీ, వెనక సీటు ఆవిడకు చాలలేదు.

షోరూంలో నడిపింది సరిపోదనిపించి, మా ఆఫీసులో ఒకరి క్లాసిక్‌నూ, మా తోడల్లుడి రోనిన్‌నూ చెరొక ఆదివారం అడిగి తీసుకున్నాను. ఇలా అరువు తీసుకునేటప్పుడు ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలు చేతిలో ఉండేలా చూసుకోవడం ఇద్దరికీ క్షేమం. రుషికొండ దాటి భీమిలి దాకా సముద్రం పక్కన పోతే క్లాసిక్ అంత హాయైన బండి లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాని బరువే దానికి అందం. అదే బండిని తిరుగు ప్రయాణంలో హనుమంతవాక రద్దీలోకి తెచ్చాక ఆ బరువు నా మోచేతుల్లోకి వచ్చింది. చువ్వలు గల దాని చక్రాలు నన్ను ఇంకో విధంగా కూడా ఆలోచింపజేశాయి. ఆ చువ్వల చక్రాలకు ట్యూబు టైర్లుంటాయి. షీలానగర్ దగ్గర లారీల మధ్య పంక్చరైతే చక్రం ఊడదీయాలి. పైగా ఉప్పు గాలికి ప్రతి చువ్వా తుప్పుకు ఒక అవకాశం. అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్న బండే కావాలని అక్కడ తేలింది. క్లాసిక్‌లో అల్లాయ్ చక్రాల రకాలు కూడా ఉన్నాయి గానీ, బరువు అలాగే ఉంటుంది.

బ్రేకుల విషయం త్వరగా తేలిపోయింది. 125 సీసీ దాటిన బళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయినా, ముందు చక్రానికి మాత్రమే ఉంటే చట్టానికి సరిపోతుంది. హంటర్, రోనిన్ తక్కువ ధర రకాల్లో అలాగే ఉండేది. రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్నదే తీసుకోవాలని నేను ముందే అనుకున్నాను. బీచ్ రోడ్డు మీద గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పలచగా పరుచుకుని ఉంటుంది. దాని మీద తొలి చినుకులు పడ్డాక వెనక బ్రేకు తొక్కి చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. సీబీ350లో వెనక చక్రం జారకుండా ఇంజను బలాన్ని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉంది. తెన్నేటి పార్కు మలుపులో వానలో దాని దీపం మినుకుమనడం చూశాను. బండి మాత్రం గీత తప్పలేదు.

ఇక మూడేళ్ల అనుభవం. ఇంజను మొదటి రోజు ఎంత మెత్తగా ఉందో ఇప్పుడూ అంతే. 15 లీటర్ల ట్యాంకు నింపితే వారం పైనే వస్తుంది. నగరంలో లీటరుకు సుమారు 35 కిలోమీటర్లు, హైవే మీద నిదానంగా పోతే 40 దాకా ఇస్తోంది. ఏప్రిల్, మే నెలల్లో సిగ్నల్ దగ్గర ఇంజను వేడి కాలికి తగులుతుంది. గాలితో చల్లబడే ఇంజను కాబట్టి బండి ఆగినప్పుడు అది మామూలే. దీని గేర్లు పొడుగువి, అంటే ఒక్కో గేరులో ఎక్కువ వేగం దాకా పోవచ్చు. హైవే మీద అది సుఖం, ఘాట్ మీద అది పని. కాశీపట్నం దాటి అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు వెనక మనిషి, సామాను ఉంటే మూడో గేరులో ముప్పై వేగానికి దిగగానే ఇంజను దిగాలుపడి గొణుగుతుంది. అప్పుడు ఆలోచించకుండా రెండో గేరుకు రావాలి. సిరిపురం ఎత్తు మీద మూడో గేరులో పెట్టి చూసినప్పుడే ఈ స్వభావం నాకు కనబడింది కనుక ఘాట్‌లో ఆశ్చర్యం కలగలేదు. అరకు తరచుగా ఒంటరిగా వెళ్లే వారికి, తేలికైన బండి కాబట్టి, ఈ నాలుగింటిలో రోనిన్‌నే ముందు నడిపి చూడమని చెబుతాను.

టెస్ట్ రైడ్ ఎంత జాగ్రత్తగా చేసినా తెలియని సంగతి సముద్రపు గాలి. ఎంవీపీ కాలనీలో, లాసన్స్ బే వైపు, పెదవాల్తేరులో ఉండేవారి బళ్లన్నిటికీ ఇది ఒకటే సమస్య. కంపెనీతో సంబంధం లేదు. ఒక వాన రాత్రి కప్పకుండా వదిలేస్తే తెల్లారేసరికి డిస్కు మీద గోధుమ రంగు పొర కడుతుంది. రెండు సార్లు బ్రేకు వేయగానే అది పోతుంది కాబట్టి దానితో భయం లేదు. భయపడవలసినవి కంటికి ఎదురుగా ఉండవు: చైను లింకులు, నంబరు ప్లేటు బోల్టులు, సైలెన్సర్ కింది వైపు, బ్యాటరీ కొనలు, స్టాండు స్ప్రింగు. వారానికి ఒకసారి మంచినీళ్లతో కడిగి, పొడి బట్టతో తుడిచి, ఆ తర్వాత ఒక చుట్టు తిరిగి వస్తే సందుల్లో నిలిచిన తడి ఆరిపోతుంది. నీళ్లను ఒత్తిడితో బేరింగుల మీదికి కొట్టనివ్వను. ప్రతి 500 కిలోమీటర్లకూ, వానాకాలంలో అంతకు ముందే, చైనుకు లూబ్, అంటే కందెన, పడుతుంది. బండికి మెయిన్ స్టాండు ఉండడం వల్ల ఒక్కడినే వెనక చక్రం తిప్పుకుంటూ ఆ పని చేసుకోగలుగుతున్నాను. తిరిగి వచ్చి చైను గోరువెచ్చగా ఉన్నప్పుడే లోపలి వైపు నుంచి లూబ్ కొట్టి, రాత్రంతా ఇంకనిచ్చి, పొద్దున్న మిగిలింది తుడిచేస్తాను. మొదటి వానాకాలం నుంచి ఇదే పద్ధతి పాటిస్తున్నాను. ఇప్పటివరకు చైను మార్చవలసి రాలేదు.