స్వరజ్ఞానానికి కీబోర్డా, తంబురా శ్రుతా?

నెల్లూరు, ఒంగోలులో కొన్ని ఇళ్లల్లో పిల్లల సంగీత సాధనకి ముందు కీబోర్డే కొంటారు. మీట నొక్కితే గాంధారం (గ స్వరం) సిద్ధం. గొంతు దాని వెంట నడుస్తుంది, చెవి మాత్రం నిద్రపోతుంది. పైగా కీబోర్డులోని అంతర గాంధారం (రెండు గాంధారాల్లో పైది) తంబురాతో కలిసే దానికంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ; పక్కపక్క మీటల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు.

తంబురా ఇచ్చే ఆసరా స, ప. అదే మేలు. చీటీ మీద స-గ-ప-ద రాసుకోండి. ముందు మొదటి గెంతు: తొలి పాఠాల రాగమైన మాయామాళవగౌళలో స పట్టి, రి పాడకుండా నేరుగా గ అందుకుని నాలుగు లెక్కలు నిలపండి. స తీగ నాదంలోనే ఆ గాంధారం సన్నగా మోగుతుంటుంది. గొంతు అందులో కలిసిపోతే కుదిరినట్టే, గరగరలాడితే జారినట్టే. తంబురా ఫోనులో పెట్టుకుంటే స్పీకరులో మంద్రం (కింది స్థాయి నాదం) సరిగా వినపడదు, ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టండి.

కీబోర్డుని పాడాక సరిచూసుకోవడానికి వాడండి, అదీ ఒక్కసారే. ముందే నొక్కితే జవాబు చూసి లెక్క చేసినట్టు.