బావ ఐఫోన్ నుంచి నా ఆండ్రాయిడ్‌కి 412 ఫొటోలు: లోకల్‌సెండ్ యాప్ వాడి చూశాక

మొన్న ఫిబ్రవరిలో కాకినాడలో మా అక్క సీమంతం అయింది. ఫొటోగ్రాఫర్ ఎందుకు దండగ, అల్లుడి చేతిలో ఐఫోన్ ఉందిగా అని నాన్న తేల్చేశాడు. బావ నిజంగానే బాగా తీశాడు, కాదనను. మర్నాడు బయల్దేరే ముందు మంచివి ఏరి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశాడు, నేను వాటినే దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్టూడియోకి పట్టుకెళ్ళాను. ఆల్బమ్ ఒకటి, అక్క చేతినిండా గాజులతో కూర్చున్న ఫొటో 12 బై 18 సైజులో ఫ్రేమ్ ఒకటి, అదీ ఆర్డరు. స్టూడియో ఆయన ఆ ఫొటో తెరిచి గాజుల మీద జూమ్ చేశాడు. గాజులు లేవు, ఎరుపూ ఆకుపచ్చా కలిసిన గడులున్నాయి. "ఇవి వాట్సాప్‌లో వచ్చినవి కదండీ, ఫోన్‌లో చూసుకోడానికి బానే ఉంటాయి. ఒరిజినల్స్ తెండి" అన్నాడు.

తప్పు వాట్సాప్‌ది కాదు. మామూలుగా పంపితే ఫొటోని కుదించి పంపడమే దాని పద్ధతి, లేకపోతే రోజూ వచ్చే గుడ్‌మార్నింగ్ పువ్వులకే మన డేటా అయిపోతుంది. చూసుకోకుండా స్టూడియో దాకా వెళ్ళింది మేము. ఇంటికొచ్చి వివరాలు చూస్తే బావ ఫోన్‌లో 4032 బై 3024 ఉన్న ఫొటో నా దగ్గర 1600 బై 1200 అయి కూర్చుంది. అంటే ఉన్న పిక్సెళ్ళలో ఆరో వంతు కూడా మిగల్లేదు. 18 అంగుళాల పొడవున పరిస్తే అంగుళానికి 89 చుక్కలు వస్తాయి. ప్రింటు వాళ్ళు అడిగేది 300. ఒరిజినల్ అయితే 224 వస్తుంది, గోడకి తగిలించి నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫొటోకి అది చాలు. ఇంకో నష్టం కూడా ఉంది, చాట్‌లో ఫొటోగా పంపితే ఎప్పుడు తీశాం, ఎక్కడ తీశాం అనే సమాచారం కూడా ఫొటోలోంచి పోతుంది. అందుకే గ్యాలరీలో సీమంతం ఫొటోలన్నీ నేను దించుకున్న తేదీ కింద, ఏదో కరెంటు బిల్లు స్క్రీన్‌షాట్ పక్కన కుప్పపడి ఉన్నాయి.

బావ ఫోన్‌లో ఏరినవీ ఏరనివీ కలిపి 412 ఫొటోలు, 9 వీడియోలు, మొత్తం మూడు జీబీ పైచిలుకు. ఆయనది ఐఫోన్, నాది ఆండ్రాయిడ్, అసలు చిక్కంతా ఇక్కడే. ఇద్దరివీ ఐఫోన్లయితే ఎయిర్‌డ్రాప్ ఉంది, షేర్ నొక్కాక పైన ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఆల్ ఫొటోస్ డేటా ఆన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఇద్దరివీ ఆండ్రాయిడ్ అయితే క్విక్ షేర్ ఉంది. ఇది 2020లో నియర్‌బై షేర్ పేరుతో వచ్చింది, 2024 జనవరిలో శాంసంగ్ వాళ్ళ క్విక్ షేర్‌తో కలిపేసి ఆ పేరే ఉంచారు. ఈ రెంటిలో ఏది కుదిరినా ఈ రివ్యూ ఇక్కడే ఆపేసి హాయిగా అది వాడుకోండి, కొత్తగా ఏ యాప్ అక్కర్లేదు. 2025 నవంబరులో గూగుల్ పిక్సెల్ 10 ఫోన్లకి ఎయిర్‌డ్రాప్‌తో నేరుగా మాట్లాడే వీలు కూడా ఇచ్చింది. నాది పిక్సెల్ కాదు, మా ఇంట్లో ఎవరిదీ కాదు.

హాస్టల్ రోజుల్లో అయితే ఈ ప్రశ్నే ఉండేది కాదు. షేరిట్, లేకపోతే జెండర్. సినిమాలు, పాటలు, ల్యాబ్ రికార్డుల ఫొటోలు అన్నీ అలాగే రూములు మారేవి, మధ్యలో యాడ్స్ కళ్ళు పొడిచేవి అనుకోండి. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అవి రెండూ పోయాయి. ఆ లోటు పూడ్చేదేదైనా ఉందా అని వెతుకుతుంటే ఆఫీసులో ఒకతను లోకల్‌సెండ్ పేరు చెప్పాడు.

ఉచితం, యాడ్స్ లేవు, అకౌంటు పెట్టమనదు, ఫోన్ నంబరు అడగదు. సోర్స్ కోడ్ అందరికీ కనిపించేలా బయటే ఉంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిటికీ ఉంది. పని చేసే తీరు కూడా సులువే: రెండు ఫోన్లూ ఒకే వైఫైలో ఉండాలి, అంతే. ఫైలు ఏ కంపెనీ సర్వర్‌కీ వెళ్ళదు, ఇంట్లో రౌటర్ మీదుగా ఈ ఫోన్ నుంచి ఆ ఫోన్‌కి నేరుగా వస్తుంది, దారిలో దాన్ని కుదించే వాళ్ళెవరూ ఉండరు. ఇంటర్నెట్ అసలు లేకపోయినా పర్వాలేదు. అమ్మ అయితే "నా నెట్ అంతా మీ ఫొటోలకే అయిపోతుందిరా" అని మొదలుపెట్టింది, ఇది నెట్ కాదమ్మా, ఉత్త వైఫై అని చెప్పినా నమ్మలేదు, ఫోన్‌లో డేటా లెక్క తీసి చూపిస్తే ఊరుకుంది.

బావ మళ్ళీ మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం యాప్ వేసుకున్నాం. తెరవగానే నా ఫోన్‌కి ఏదో పండు పేరు పెట్టింది. ఒక విశేషణం, ఒక పండో కూరగాయో కలిపి తనే ఓ ఇంగ్లీషు పేరు కడుతుంది, నచ్చకపోతే మార్చుకోవచ్చు. బావ ఫోన్‌కి కూడా అలాంటిదే ఒకటి వచ్చింది, అక్క ఆ రోజంతా ఆయన్ని అదే పేరుతో పిలిచింది. పంపే వాళ్ళు సెండ్‌లోకి వెళ్ళి మీడియా నొక్కి ఫొటోలు ఎంచుకుంటే కింద అవతలి ఫోన్ పేరు కనిపిస్తుంది, నొక్కితే ఇటు యాక్సెప్ట్ చేయమని వస్తుంది. అంతకు మించి నేర్చుకోవాల్సింది లేదు.

మొదటిసారి మాత్రం నా ఫోన్ బావకి కనిపించలేదు. పది నిమిషాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఐఫోన్‌లో ఏ యాప్ అయినా ఇంట్లోని మిగతా పరికరాలను వెతకాలంటే లోకల్ నెట్‌వర్క్ అనే అనుమతి అడుగుతుంది, అది అడిగినప్పుడు బావ చదవకుండా వద్దు నొక్కేశాడు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లోకల్ నెట్‌వర్క్, అక్కడ ఆన్ చేశాక వెంటనే కనిపించింది. ఇది కాక ఫోన్లు కనపడకపోవడానికి ఇంకో రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, వీపీఎన్ (మన నెట్‌ని వేరే దారిలో తిప్పే యాప్) ఆన్‌లో ఉండటం. రెండు, హోటళ్ళలో, హాస్టళ్ళలో, గెస్ట్ నెట్‌వర్క్‌లలో ఒక ఫోన్‌కి ఇంకోటి కనపడకుండా వైఫైలోనే కట్టడి పెట్టి ఉంచుతారు, అక్కడ మీరు తలకిందులుగా తపస్సు చేసినా లాభం లేదు, ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి రెండోది దానికి కలపండి.

స్పీడు సంగతికొస్తే, మొత్తం మూడు జీబీ ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఆరు నిమిషాల్లో వచ్చేసింది. కానీ ఆ రోజు మొదటి ప్రయత్నం సగంలో ఉండగా కరెంటు పోయింది, రౌటర్ ఆగింది, దాంతో పాటే ఇదీ ఆగింది. ఆగిన చోట నుంచి తనంతట తను అందుకోదు. వచ్చినవి ఉంటాయి, మిగిలినవేవో చూసుకుని మళ్ళీ ఎంచుకోవాలి, అన్నీ మళ్ళీ పంపితే వచ్చినవాటికే ఇంకో కాపీ తయారవుతుంది. నాకు ఇందులో నచ్చనిది ఇదొక్కటే అని చెప్పను, ఇంకోటి కూడా ఉంది: ఐఫోన్ తెర ఆరిపోకూడదు. యాప్ వెనక్కి వెళ్ళిందంటే ఐఫోన్ దాన్ని నిద్రపుచ్చేస్తుంది, ఇక్కడ లెక్క అలా నిలబడిపోతుంది. బావేమో ప్రతి రెండు నిమిషాలకీ క్రికెట్ స్కోరు చూసుకునే మనిషి. చివరికి ఫోన్ లాక్కుని, ఆటో లాక్ తీసేసి టీవీ పక్కన పెట్టాం. అందుకే ఒకేసారి నాలుగొందలు కాకుండా వంద వందగా పంపుకోండి, ఎక్కడ ఆగినా లెక్క తెలుస్తుంది. కరెంటు లేనప్పుడు హాట్‌స్పాట్ మీద కూడా ఓసారి చూశాను, పనైతే అయింది గానీ ఇరవై నిమిషాలు దాటింది.

వచ్చిన ఫొటోలు 4032 బై 3024 అలాగే ఉన్నాయి, ఫైలు సైజు రెండు ఫోన్లలో ఒకటే చూపించింది, తీసిన తేదీ, టైము అన్నీ లోపల ఉన్నాయి. మీరూ ఇలాగే చూసుకోండి, ఒక్క ఫొటో తీసుకుని రెండు వైపులా వివరాలు పోల్చితే చాలు. ఫోన్ తెర మీద చూసి బానే ఉందిలే అనుకుంటే మళ్ళీ స్టూడియో ఆయన దగ్గరే తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో గ్యాలరీలో సేవ్ చేయమనే ఆప్షన్ ఒకటి ఉంది, అది ముందే ఆన్ చేసుకోండి, లేకపోతే ఫొటోలు డౌన్‌లోడ్స్‌లో దాక్కుంటాయి, రాలేదేమో అని కంగారు పడతారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా గానీ అవ్వలేదు. ఐఫోన్ 2017 నుంచి, అంటే దాని సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 నుంచి, ఫొటోలను జేపెగ్‌లో కాకుండా హెచ్‌ఈఐసీ అనే రకంలో దాచుకుంటుంది. ఆ నాణ్యతే దాదాపు సగం చోటులో పడుతుంది కాబట్టి వాళ్ళకది మంచిదే. ఈమధ్య వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరుచుకుంటుంది, నా ఫోన్‌లోనూ తెరుచుకుంది. స్టూడియో కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. చేసేది లేక ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో అన్నిటినీ జేపెగ్‌గా మార్చాను, క్వాలిటీ గీతను చివరికంటా లాగి. మార్చడంలో కాస్త పోతుందంటారు, కానీ పిక్సెళ్ళు తగ్గవు, ప్రింటులో తేడా కనిపెట్టడం నా కళ్ళవల్ల కాలేదు. ఫంక్షన్‌కి ముందే ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌లోకి వెళ్ళి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకుంటే ఈ గోలే ఉండదు, ఫోన్‌లో చోటు ఎక్కువ తింటుంది, అంతే. లైవ్ ఫొటోలు (నొక్కి పట్టుకుంటే కాసేపు కదిలేవి) ఉంటే వాటిలో కదలిక ఆండ్రాయిడ్‌కి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

బావ హైదరాబాద్‌లో, నేను కాకినాడలో ఉంటే ఇది పనికి రాదు, ఒకే వైఫై కావాలి కదా. దూరంగా ఉన్నవాళ్ళు వాట్సాప్‌నే వాడొచ్చు, కానీ ఫొటోగా కాదు. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌లోకి వెళ్ళి అక్కణ్ణుంచి ఫొటో ఎంచుకుంటే కుదించకుండా వెళ్తుంది, ఒక్కో ఫైలు 2 జీబీ దాకా ఉండొచ్చు. 2023 ఆగస్టులో వచ్చిన హెచ్‌డీ బటన్ చూసి చాలామంది ఇక ఒరిజినలే వెళ్తుందనుకుంటున్నారు. మామూలు దానికంటే ఎంతో నయం, నిజమే, కానీ అదీ కుదించే పంపుతుంది. అయిదారు ఫొటోలకి డాక్యుమెంట్ పద్ధతి బాగానే ఉంటుంది, నాలుగొందలకి అవతలి వాళ్ళకి ఓపికుండదు. అప్పుడు గూగుల్ ఫొటోస్‌లో ఆల్బమ్ చేసి లింకు ఇవ్వడమే మేలు. అయితే బ్యాకప్ ఒరిజినల్ క్వాలిటీలో ఉందో స్టోరేజ్ సేవర్‌లో ఉందో చూసుకోండి, సేవర్ అయితే అదీ కుదిస్తుంది. ఒరిజినల్ పెడితే జీమెయిల్‌తో కలిపి ఇచ్చే 15 జీబీ ఎంతో కాలం ఆగదు, 2021 జూన్‌తో ఉచిత పండగ అయిపోయింది.

వైరు నమ్ముకునే వాళ్ళకి, టైప్ సీ పిన్ను ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఇంట్లో పడేసి ఉంచుకోండి. ఐఫోన్ 15 నుంచి వాటికీ అదే పిన్ను కాబట్టి రెంటికీ పనికొస్తుంది. బావది 13, అందుకే మాకు కుదర్లేదు. బ్లూటూత్‌లో కూడా క్వాలిటీ పోదు, వయసు పోతుంది, అదీ రెండూ ఆండ్రాయిడ్ అయితేనే; ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి బ్లూటూత్‌లో ఫొటోలు వెళ్ళవు.

లోకల్‌సెండ్‌లో ఇంకో సదుపాయం స్టూడియోలో అక్కరకొచ్చింది. వాళ్ళ కంప్యూటర్‌లో యాప్ వేయమని అడగలేం కదా, షేర్ వయా లింక్ అని ఉంటుంది, అది పెడితే నా ఫోనే ఓ చిరునామా ఇచ్చింది, ఆయన బ్రౌజర్‌లో కొట్టగానే మార్చి ఫోన్‌లో వేసుకున్న జేపెగ్‌లన్నీ కనిపించాయి, అక్కడికక్కడే దించుకున్నాడు. ఆయన వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాడు కాబట్టి సరిపోయింది. పెన్‌డ్రైవ్‌తో పాటు నా ల్యాప్‌టాప్‌కి వైరస్ తెచ్చుకునే బాధ కూడా తప్పింది.

మార్కులంటే నూటికి ఎనభై అయిదు వేస్తాను. ఆ పదిహేనూ ఆగిన చోట నుంచి అందుకోనందుకు, ఐఫోన్ పక్కన కాపలా కూర్చోబెట్టినందుకు. కాపలా కూర్చోబెట్టడం ఐఫోన్ గుణమే, అయినా కూర్చున్నది నేను కాబట్టి నా లెక్క నాది.

ఫ్రేమ్ వచ్చింది. గాజులు లెక్కపెట్టుకోవచ్చు, అమ్మ నిజంగానే లెక్కపెట్టింది కూడా. తర్వాత ఆ ఫ్రేమ్‌ని హాల్లో ట్యూబ్‌లైటు కింద తన ఫోన్‌తో ఫొటో తీసి, సగం అద్దంలో తన నీడే పడ్డా పట్టించుకోకుండా, ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. పిన్ని దాన్నే డీపీగా పెట్టుకుంది.